బలం చివర్లో, రబ్బరు ముందు

ముప్పై ఏళ్ల నాటి రెండు స్పోర్ట్స్ కార్లు అమ్మకానికి ఉన్నాయనుకుందాం. రెండూ ఒకే మోడల్, ఒకే ఏడాదివి. మొదటిది రెండు లక్షల కిలోమీటర్లు తిరిగింది. రెండోది నలభై వేలైనా దాటలేదు, ఎక్కువ కాలం షెడ్డులో కవరు కప్పుకునే ఉంది. కొనేవాళ్ల చూపు రెండోదాని మీదే పడుతుంది, ధర కూడా దానికే ఎక్కువ పలుకుతుంది. తీరా రోడ్డెక్కించాక చూస్తే మలుపులో బండి మన మాట వినదు. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. గతుకు దాటి చాలా దూరం వచ్చాక కూడా ఊగుతూనే ఉంటుంది. ఇంజన్ మాత్రం నికార్సుగా ఉంటుంది. తిరగని బండి అరగదు కదా, మరి ఈ ముసలితనం ఎక్కడిది?

కారులో కొన్ని భాగాలు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతాయి. పిస్టన్ రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేటు, గేర్లు ఈ కోవలోవి. మరికొన్ని గడిచిన కాలాన్ని బట్టి చెడిపోతాయి. టైర్లు, బుష్‌లు, గొట్టాలు, సీళ్లు, బ్రేక్ ఆయిల్, రేడియేటర్ మీది ప్లాస్టిక్, తలుపుల కింది ఇనుము రెండో కోవలోవి. మీటరు చెప్పేది మొదటి కోవ సంగతే. పాత స్పోర్ట్స్ కారును కొద్దికొద్దిగా, చేతిలో ఉన్న డబ్బుతో బాగుచేసుకుంటూ, పనిలో పనిగా మెరుగులు దిద్దుకోవాలనుకునేవారు ఖర్చు వరసను ఈ తేడా మీదే నిర్ణయించుకోవాలి. కాలం పాడుచేసినవాటిని తిరిగి తెచ్చుకోవడమే ఈ బండికి చేయగల అతి పెద్ద మార్పు. చాలామంది ముందుగా చేయాలనుకునే ఇంజన్ బలం పెంపు నిజానికి చిట్టచివరి పని. అలా ఎందుకో ఒక కారును ముందు పెట్టుకుని చూద్దాం.

మియాటా ఎందుకు?

మాజ్దా ఎమ్‌ఎక్స్-5ను అమెరికాలో మియాటా అంటారు. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాపు, ముందు ఇంజన్, వెనక చక్రాలకు శక్తి. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ జర్నలిస్టు, బ్రిటిష్ రోడ్‌స్టర్ల కాలం ముగుస్తోంది, అలాంటి తేలిక బండిని మీరెందుకు చేయకూడదని మాజ్దాలోని కెనిచి యమమోటోను అడిగాడు. పదేళ్లకు, తోషిహికో హిరాయ్ నాయకత్వంలో తయారైన కారు 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో జనం ముందుకొచ్చింది. 1997 వరకు సాగిన మొదటి తరంలోనే నాలుగు లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. అన్ని తరాలూ కలిపి 2016లో పది లక్షలు నిండాయి. ఇన్ని ఉన్నాయి కాబట్టే అమెరికా, బ్రిటన్, జపాన్‌లలో దీనికి పాత భాగాలు, కొత్త భాగాలు, తెలిసిన మెకానిక్కులు దొరుకుతారు. తక్కువ డబ్బుతో దిగేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అపురూపమైన కారు కొనడానికి చౌకగా దొరకవచ్చు, దాని తలుపు రబ్బరు మాత్రం ఎంత డబ్బు పెట్టినా దొరక్కపోవచ్చు.

తొలి మియాటాలో 1.6 లీటర్ల ఇంజన్ ఉండేది, అమెరికా లెక్కలో 116 హార్స్‌పవర్. బరువు వెయ్యి కిలోల లోపే. ఈ రోజు మామూలు కుటుంబ కార్లు కూడా దీన్ని సూటి రోడ్డు మీద దాటేస్తాయి. అయినా నడిపినవాళ్లు దీన్ని మెచ్చుకోవడానికి కారణం చక్రాల దగ్గర ఉంది. నాలుగు మూలలా రెండేసి చేతులతో చక్రాన్ని పట్టుకునే డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, గేర్‌బాక్స్‌నూ వెనక డిఫరెన్షియల్‌నూ గట్టిగా కలిపే అల్యూమినియం చట్రం, ముందు వెనకల మధ్య దాదాపు సమానంగా పంచిన బరువు. బరువు సమతూకం కోసం బ్యాటరీని కూడా డిక్కీలోకి నెట్టారు. అంటే ఈ కారు గొప్పతనమంతా చక్రం ఏ కోణంలో నేలను తాకుతుందన్న కచ్చితత్వంలో ఉంది. ఆ కచ్చితత్వాన్ని పట్టి ఉంచేది రబ్బరు.

రబ్బరుకు తెలిసింది ఏళ్లే

రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. గంధకం కలిపి ఉడికించినప్పుడు ఆ గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు పడతాయి. సాగి మళ్లీ పూర్వస్థితికి వచ్చే గుణం ఆ ముడుల వల్లే వస్తుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ ఏళ్ల తరబడి ఈ గొలుసులతో చర్య జరుపుతాయి. కొన్ని తెగుతాయి, కొన్నిటి మధ్య కొత్త ముడులు పడతాయి. మెత్తదనం కోసం కలిపిన నూనెలు కూడా మెల్లగా బయటికి పోతాయి. ముడులు పెరిగిన రబ్బరు గట్టిపడుతుంది, తెగిన చోట పగుళ్లిస్తుంది. ఓజోన్ దెబ్బ తగలకుండా టైర్లలో ఒక రకం మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అది పైకి వచ్చి పొరలా పరుచుకుంటుంది. నిలబెట్టిన బండి టైరుకు ఆ రక్షణ సరిగా అందదు. షెడ్డులో పడుకున్న కారు తిరిగినదానికంటే ముందే ముసలిదవడానికి ఇదొక కారణం.

టైరు పట్టు అనేది రోడ్డు మీది సన్నసన్నని గరుకుల్లోకి రబ్బరు దిగి, వాటి చుట్టూ ఒదిగి, మళ్లీ లేచేటప్పుడు శక్తిని తనలో ఇముడ్చుకోవడం వల్ల వస్తుంది. గట్టిపడిన రబ్బరు గరుకుల్లోకి దిగదు, పైపైనే జారుతుంది. అరుగుదల కొంచెం కూడా లేని టైరుకూ ఇదే గతి. ఒక చక్రం మీద 250 కిలోల బరువు ఉండి, ఈ కారుకు చెప్పిన 26 పీఎస్‌ఐ గాలి నింపితే, నేలను తాకే భాగం సుమారు 135 చదరపు సెంటీమీటర్లు, అంటే పక్కకు పన్నెండు సెంటీమీటర్లైనా లేని చతురస్రం. వేగం పెంచడం, తిప్పడం, ఆపడం అన్నీ ఆ నాలుగు ముక్కల మీదుగానే జరగాలి. టైరు తన మీది బరువులో 90 శాతం మేర పట్టు చూపగలిగితే గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి కారు ఆగడానికి సుమారు 44 మీటర్లు పడుతుంది. పట్టు 70 శాతానికి జారితే 56 మీటర్లు. పన్నెండు మీటర్ల తేడా, అంటే మూడు కార్ల పొడవు. ఇంజన్‌కు ఎన్ని గుర్రాలు కట్టినా ఈ పన్నెండు మీటర్లు తిరిగి రావు.

┌──────────
టైరు పుట్టిన తేదీ
టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. గీతలు ఎంత లోతుగా ఉన్నా సరే, పదేళ్లు దాటిన టైరు వాడవద్దని చాలా కంపెనీలు చెబుతాయి. అంకెలు మూడే ఉంటే అది 2000కు ముందుది, దాని మీద కారును షెడ్డులోంచి బయటికి నెట్టడానికి మించి వాడకూడదు.
──────────┘

తర్వాత బుష్‌లు. సస్పెన్షన్ చేతి లోపలి చివర రెండు ఇనుప గొట్టాల మధ్య అతికించిన రబ్బరు ఉంటుంది. చేయి పైకీ కిందికీ కదిలినప్పుడు అది మెలిక తిరిగి ఇస్తుంది, మిగతా దిక్కుల్లో మాత్రం ఇవ్వకూడదు. ముప్పై ఏళ్లకు అది ఎక్కడో చిరిగి అన్ని దిక్కుల్లోనూ ఇవ్వడం మొదలుపెడుతుంది. స్టీరింగ్ తిప్పగానే ముందు బుష్‌లోని వదులు తీరాలి, ఆ తర్వాత గానీ చక్రం తిరగదు. మలుపు మధ్యలో బ్రేకు తాకితే చక్రం కోణం దానంతటదే మారిపోతుంది. కారు మన మాట వినడం లేదనిపించేది ఇక్కడే. కొత్త బుష్‌లు వేసేటప్పుడు ఒక చిన్న నియమాన్ని చాలా షెడ్లలో మరిచిపోతారు. బోల్టుల చివరి బిగింపు కారు నేల మీద, తన బరువు తానే మోస్తూ ఉన్నప్పుడే చేయాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు మెలికపడి ఉంటుంది, ఏళ్లు రావలసిన బుష్ నెలల్లో చిరుగుతుంది. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందన్న మాట నిజమే. కాకపోతే అది మెలిక తిరగదు, గొట్టం మీద జారుతుంది. గ్రీజు ఆరితే కిర్రుమంటుంది, గతుకు దెబ్బలు నేరుగా వెన్నుకు చేరతాయి. రేస్ ట్రాక్‌కు సరే, రోజువారీ రోడ్డుకు రబ్బరే మేలని నా అభిప్రాయం.

బుష్‌లు, షాకబ్జర్లు కొత్తవైతే వీల్ అలైన్‌మెంట్‌కు అర్థం వస్తుంది. అంతకుముందు చేయించినది దండగ. మియాటాలో నాలుగు చక్రాల కోణాలూ విడివిడిగా సరిచేసుకునే బోల్టులు ఫ్యాక్టరీ నుంచే ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పనుల జాబితా రాస్తే దీన్ని అన్నిటికంటే పైన పెట్టాలి. తుప్పుతో ఆ బోల్టులు బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఆ రోజంతా వాటికే పోతుంది.

ఆపడం, చల్లబరచడం

వెయ్యి కిలోల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దాని చలనశక్తి, ఒకటింపావు లీటరుకు పైగా నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే దాకా వేడిచేయడానికి సరిపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు ఆ శక్తిలో చాలా భాగం కొద్ది సెకన్లలో డిస్కుల్లో వేడిగా మారాలి. వేగం రెట్టింపైతే ఈ వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడి ప్యాడ్ల మీదుగా బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. మామూలు బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, గొట్టాల రబ్బరు గుండా కూడా తేమ లోపలికి చేరుతుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ కనిష్ఠం 155కు దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వరసగా బ్రేకులు వేస్తే ఈ 155ను అందుకోవడం కష్టం కాదు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, ఆవిరి కుంచించుకుంటుంది. కాబట్టి కాలు నొక్కిన బలమంతా బుడగల్ని నొక్కడానికే పోయి ప్యాడ్ల దాకా చేరదు. షెడ్డులో పదేళ్లు పడి ఉన్న కారుకు ఒక డబ్బా కొత్త ఆయిల్, ఒక మధ్యాహ్నం పని చేసే మేలు ఇది.

ఇంజన్ వేడి సంగతీ దీనికి దగ్గరిదే. పెట్రోలు శక్తిలో చక్రాలకు పనికొచ్చేది స్థూలంగా మూడో వంతే. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా, మిగతాది కూలెంట్ గుండా పోవాలి. మియాటా ఇంజన్ బ్లాకు పోత ఇనుము, దాని మీది హెడ్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. రెంటి మధ్యలోని గాస్కెట్ మామూలు వేడిలో ఆ తేడాను తట్టుకుంటుంది. హద్దు దాటితే హెడ్ వంకరపోతుంది, గాస్కెట్ పోతుంది. రేడియేటర్ మీది నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఏళ్ల వేడికి గోధుమరంగులోకి తిరగడం చివరి దశకు గుర్తు. ఆ రంగు చూసీ రేడియేటర్ మార్చకుండా టర్బో కొనేవారు ఉన్నారు.

ఒక్కోసారి ఒక్క పనే చేయాలన్నది ఈ పద్ధతికి ప్రాణం. ఒకేసారి నాలుగు మార్చి, కొత్త శబ్దం ఒకటి వినిపిస్తే అది దేనివల్లో తెలియదు. దీనికి మినహాయింపు ఉంది. విప్పడానికయ్యే శ్రమ ఒకటే అయినప్పుడు ఆ విప్పిన మేరలోని పనులన్నీ కలిపి చేయాలి. అమెరికాలో ఈ కారు టైమింగ్ బెల్టును 60,000 మైళ్లకు, అంటే 96 వేల కిలోమీటర్లకు మార్చమన్నారు. బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగిలి విరగవు, ఇంజన్ ఆగిపోతుందంతే. అయితే బెల్టు తీయనిదే వాటర్ పంపు, ముందరి ఆయిల్ సీళ్లు మార్చలేం. కాబట్టి అవి బాగున్నా అప్పుడే మార్చడం లాభం. 1990, 91 నాటి తొలి ఇంజన్లలో క్రాంక్ ముక్కు పొట్టిది. పుల్లీ బోల్టును చెప్పినంత బలంతో బిగించకపోతే లోపలి గాడి అరిగి క్రాంకే మార్చాల్సి వస్తుంది. బెల్టు పనిలో తొందరపడితే ఇలా ఇంజన్ మొత్తానికే ఎసరు వస్తుంది.

తుప్పు లెక్క వేరు

పైవన్నీ బోల్టు విప్పి మార్చేవి, ఖర్చు ముందే తెలిసేవి. తుప్పుకు అలాంటి హద్దు లేదు. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసిన చోట చిన్న విద్యుత్ ఘటం లాంటిది ఏర్పడి ఇనుము కరుగుతూ పోతుంది. ఉప్పు కలిస్తే ఆ విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్‌లో, ఉత్తర అమెరికాలో పాత కార్ల చావు ఎక్కువగా దీనివల్లే. మియాటాలో గుడ్డ టాపు మీది వాననీరు సీట్ల వెనక రెండు గొట్టాల గుండా కిందికి పోయేలా చేశారు. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుంటే నీరు తలుపు కింది సిల్లులోకి దిగి నిలుస్తుంది. లోపల పుట్టిన తుప్పు వెనక చక్రం ముందు పెయింటు పొక్కులుగా బయటపడే సరికే సగం ఇనుము పోయి ఉంటుంది. ఇనుప టాపు లేని కారుకు ఆ సిల్లులే వెన్నుదూలాలు. అవి మెత్తబడితే కొత్త బుష్‌లు, కొత్త షాకబ్జర్లు అన్నీ వంగే చట్రానికి బిగించినట్టే. డిక్కీలోని బ్యాటరీకి ఆవిరి బయటికి పోయే గొట్టాలుండాలి. ఆ సంగతి తెలియక చౌక బ్యాటరీ పెడితే ఆమ్లపు ఆవిరి డిక్కీ అడుగును తినేస్తుంది.

అందుకే కొనేటప్పుడు తుప్పు లేని బాడీ, పోయిన ఇంజన్ ఉన్న కారే బేరం. మెరిసే పెయింటు, బాగా పాడే ఇంజన్, పుట్టీ పెట్టి దాచిన సిల్లు ఉన్నది బేరం కాదు. ఇంజన్ ఒక వారాంతంలో దించి ఎక్కించవచ్చు. సిల్లు కోసి, వంగకుండా చట్రాన్ని నిలబెట్టి, కొత్త రేకు వెల్డింగ్ చేయడం నిపుణుల పని, కూలి కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఇక మార్పులు

ఇంతదాకా చెప్పింది రిపేరే గానీ మార్పు కాదని ఎవరైనా అనవచ్చు. పదేళ్లుగా ఆ కారు ఎలా నడుస్తోందో దాంతో పోలిస్తే, ఏ టర్బో కిట్టూ ఇంత తేడా చూపదు. అసలు సిసలు మార్పుల దగ్గరికొచ్చినా, తక్కువ డబ్బువాళ్లకు ఉత్తమమైన మార్గం ఆ కుటుంబంలోనే ఉంది. 1994 మోడల్ నుంచి ఇంజన్ 1.8 లీటర్లకు పెరిగింది. దాంతో పాటు ముందు డిస్కులు 235 మిల్లీమీటర్ల నుంచి 255కు, వెనక డిఫరెన్షియల్‌లోని రింగ్ గేరు ఆరంగుళాల నుంచి ఏడంగుళాలకు పెరిగాయి. తర్వాతి కారు నుంచి తీసిన బ్రేకులు తొలి కారుకు పెద్ద కుస్తీ లేకుండా కూర్చుంటాయి. డిఫరెన్షియల్ అయితే దాని యాక్సిల్ షాఫ్టులు, ప్రొపెల్లర్ షాఫ్టుతో సహా తెచ్చుకోవాలి. పాత బండ్లు విప్పే యార్డులో దొరికే ఈ భాగాల్ని ఆ ఫ్యాక్టరీ ఇంజనీర్లే ముందుగా పరీక్షించి పెట్టారు. తెలియని కంపెనీ అట్టపెట్టె మీది హామీ కంటే అది నమ్మదగినది.

స్ప్రింగులు కోసి బండిని కిందికి దించడం అన్నిటికంటే చౌక, అన్నిటికంటే చేటు. చుట్టు ఒకటి కోస్తే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. ఈ కారులో చక్రం పైకి కదలడానికి అసలే చోటు తక్కువ. కిందికి దించితే చిన్న గతుకుకే సస్పెన్షన్ ఆఖరి రబ్బరు స్టాపు మీద కూర్చుంటుంది. అక్కడ గట్టిదనం ఒక్కసారిగా పెరిగి మలుపు మధ్యలో చక్రం నేల విడుస్తుంది. చూడ్డానికి రేసు కారు, నడపడానికి రోలు.

బలం విషయానికొస్తే, ఇంజన్ అనేది గాలి పంపు. ఎంత గాలి లోపలికి వెళితే అంత పెట్రోలు కాల్చగలదు. టర్బో వాతావరణ పీడనానికి ఇంకో సగం కలిపి నెట్టితే, ఇంచుమించు ఒకటిన్నర రెట్ల గాలి వెళుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు మిశ్రమం స్పార్క్ మంట చేరకముందే అక్కడక్కడా పేలవచ్చు, ఆ దెబ్బలకు పిస్టన్లు చిట్లుతాయి. కాబట్టి గాలిని చల్లబరిచే రేడియేటర్ ఇంకోటి కావాలి, పెట్రోలు కొలిచే కంప్యూటర్ మార్చాలి. తొలి 1.6 కార్లలో గాలిని కొలిచేది ఒక రేకు తలుపు, దానికి ఇంత గాలి తెలియదు. అది పూర్తయ్యాక క్లచ్ జారుతుంది, ఆ తర్వాత ఆరంగుళాల గేరు, ఆ తర్వాత బ్రేకులు. వదులైన నులకమంచంలో ఒక్క వరసను బిగించి లాగితే బరువంతా పక్క వరస మీదికి పోయినట్టు, బలం పెంచిన ప్రతిసారీ బలహీనత ఇంకో చోటికి జరుగుతుంది. మంచమంతా ముందే బిగించుకున్నవాడికి టర్బో న్యాయమైన చివరి మెట్టే. సైలెన్సర్, గాలి ఫిల్టరు మార్చగానే పికప్ పెరిగిందనేవారి అనుభవంలో చాలా వాటా చప్పుడిది.

మన దేశంలో ఎమ్‌ఎక్స్-5ను అధికారికంగా అమ్మలేదు. కానీ ఇక్కడి పాత కార్లతో ఇదే పని చేయాలనుకునేవారికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీలో నమోదైన మౌలిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని అది చెబుతుంది. బుష్‌లు, బ్రేకులు, రేడియేటర్ కొత్తవి వేస్తే ఆ ఇబ్బంది లేదు.

అసలు రూపం చెడదా?

రెండు అభ్యంతరాలు మిగిలాయి. మొదటిది, ఏళ్ల తరబడి పెట్టినదంతా కూడితే కొత్త, వేగమైన కారే వచ్చేదని. ఇది చాలాసార్లు నిజం. లాభం కోసమైతే దీని జోలికి పోకపోవడమే మంచిది. అయితే నెలనెలా పెట్టే ఖర్చును ఎప్పుడైనా ఆపవచ్చు, ఆపినప్పుడల్లా నడిచే కారు చేతిలో ఉంటుంది, అప్పు ఉండదు. ఇది నిలబడాలంటే పైన చెప్పిన వరసే పాటించాలి. ఇంజన్ విప్పి టర్బో డబ్బు కోసం ఎదురుచూసే కారు ఏ నెలలోనూ నడవదు.

రెండోది, మార్పులు చేస్తే అసలుతనం పోయి విలువ పడిపోతుందని. ఇక్కడ మాజ్దాయే దారి చూపింది. 2017లో జపాన్‌లో మొదటి తరం కార్లకు పునరుద్ధరణ సేవ ప్రకటించి, ఆగిపోయిన భాగాలు మళ్లీ తయారు చేయించింది. వాటిలో గుడ్డ టాపు, నార్డి చెక్క స్టీరింగ్‌తో పాటు ఆనాటి 185/60 ఆర్14 కొలతలోని బ్రిడ్జ్‌స్టోన్ టైరు కూడా ఉంది. అసలుతనం కోరేవారికి సైతం ఇరవై ఏళ్ల నాటి అసలు టైరు పనికిరాదని, తాజా రబ్బరు కావాలని తయారీదారుకు తెలుసు. మిగతా మార్పులకు గీటురాయి వెనక్కి తిప్పగలమా లేదా అన్నదే. విప్పిన స్ప్రింగు, డిఫరెన్షియల్, రేకు తలుపు మీటరు నూనె రాసి, పేరు రాసిన చీటీ కట్టి దాచుకుంటే పోయేదేమీ లేదు. వెనక్కి రానివి కోసినవి: స్ప్రింగు చుట్టు, చక్రం మీది బాడీ అంచు, మరీ ముఖ్యంగా వైరింగ్. పాత హార్నెస్ మధ్యలో కోసి టేపు చుట్టిన ప్రతి అతుకూ కొన్నేళ్లకు తేమ పట్టి, ఎప్పుడో వానలో ఇంజన్ ఆగిపోయేదాకా కనపడకుండా ఉంటుంది. అందుకని కొత్త కంప్యూటర్ పెట్టినా పాత సాకెట్‌లోకి నేరుగా గుచ్చే అడాప్టర్ తీగనే కొనాలి, అది టర్బో కంటే ముందు లెక్కలో రాసుకోవాల్సిన ఖర్చు.